పులికి చెట్టెక్కడం నేర్పాలా?

హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ. ఒక విదేశీ క్లయింటు బిల్లుల చెల్లింపుల వ్యవస్థను ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉన్న ఉద్యోగిని. ఆ పనిని కొత్తగా చేరిన అమ్మాయికి మూడు నెలల్లో అప్పగించాలని, ఆ తర్వాత తన స్థానం ఉండదని పైనుంచి కబురొచ్చింది. ఆమె మేనమామ చక్కెర ఫ్యాక్టరీలో పాన్‌మన్‌గా చేసి, యూనియన్‌లో తిరిగి, రిటైరై కృష్ణా జిల్లాలో ఉంటున్నాడు. నేర్పాలా వద్దా అన్న దగ్గర ఇద్దరికీ మాట కుదరలేదు.

మామయ్య: నువ్వు అక్కర్లేదన్నారు. ఆ నోటితోనే నీ పని ఇంకొకరికి నేర్పి వెళ్లమన్నారు. నువ్వేమో సరేనన్నావు. నాకు అర్థం కానిది ఆ సరే ఒక్కటే.

మేనకోడలు: కేటీ, అదే నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్, ఇవ్వడం మాకు కొత్తేమీ కాదు మామయ్యా. ప్రాజెక్టు చేతులు మారినప్పుడల్లా ఒకరిస్తారు, ఒకరు తీసుకుంటారు. నేను చేరినప్పుడు నాకూ ఒకాయన ఇచ్చాడు.

మామయ్య: ఇచ్చి ఆయన ఎక్కడికి వెళ్లాడు?

మేనకోడలు: ప్రమోషన్ మీద ఇంకో ప్రాజెక్టుకి.

మామయ్య: ఆయన పైమెట్టు ఎక్కుతూ కిందిమెట్టు ఖాళీ చేశాడు. నిన్ను మెట్లమీంచి దించేస్తూ నేర్పమంటున్నారు. రెంటికీ కేటీ అని ఒకే పేరు పెట్టినంత మాత్రాన రెండూ ఒకటవుతాయా? చిన్నప్పుడు నీకు చెప్పిన కథే. పులికి పిల్లి మేనత్త. పొంచడం నేర్పింది, పంజా విసరడం నేర్పింది, దూకడం నేర్పింది. అన్నీ వచ్చాక పులి ముందు మేనత్త మీదికే దూకింది. పిల్లి చెట్టెక్కింది. ఆ ఒక్కటీ నేర్పలేదు కాబట్టే ఇవాళ ఆ కథ చెప్పుకోవడానికి పిల్లి మిగిలింది.

మేనకోడలు: నా ఎదురుగా కూర్చునేది పులి కాదు. నిరుడు ఇంజినీరింగు ముగించిన పిల్ల. తను ఎవరి స్థానంలోకి వచ్చిందో, ఆ మనిషి ఎందుకు వెళ్లిపోతోందో కూడా ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు.

మామయ్య: ఆ పిల్లని నేనేమన్నాను? నీ జీతానికీ ఆ పిల్ల జీతానికీ మధ్య తేడా ఎంతో చూడు. అది ఎవరికి మిగులుతుందో చూడు. నువ్వు నేర్పితేనే ఆ తేడా మిగులుతుంది, నేర్పకపోతే మిగలదు. నిన్ను తీసేసే పనిలో సగం నీ చేతే చేయిస్తున్నారు.

మేనకోడలు: పోనీ, దాస్తాననుకోండి. ఎలా దాచను? ప్రతి సెషనూ రికార్డవుతుంది. అడుగడుగునా ఏం చేయాలో రన్‌బుక్‌లో రాయాలి. మొదట ఆ పిల్ల నా పక్కన కూర్చుని చూస్తుంది. ఆ తర్వాత తను చేస్తుంటే నేను పక్కన కూర్చుంటాను. ఆపైన రివర్స్ కేటీ. నేను చెప్పినదంతా తను తిరిగి నాకు చెప్పాలి. అన్నీ అయ్యాక సైన్‌ఆఫ్ మీద నేను, తను, మేనేజరు ముగ్గురం సంతకం పెట్టాలి. నా రిలీవింగ్ లెటరు ఆ తర్వాతే.

మామయ్య: రాసిచ్చిందంతా పని కాదమ్మా. నా పనే తీసుకో. సిరప్ మరిగించే పాన్‌లో గాలి లాగేసి వాక్యూమ్ పెడతాం, పాదరసం లెక్కలో 25 అంగుళాల దగ్గర. అందుకే చెరకు సిరప్ 60, 70 డిగ్రీల్లోనే మరుగుతుంది, చక్కెర మాడదు. అది చిక్కబడుతుంటే ప్రూఫ్ స్టిక్‌తో కాస్త బయటికి తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తీగ సాగదీసి చూస్తాం. అదను రాగానే సీడ్ గింజ వేయాలి. ముందేస్తే గింజ కరిగిపోతుంది. ఆలస్యమైతే మనం కోరని సన్నగింజ తనంతట తనే పుట్టుకొస్తుంది. ఫాల్స్ గ్రెయిన్ అంటాం. అది పుట్టిందంటే సెంట్రిఫ్యూగల్ జల్లెడలు పూడుకుపోతాయి, మొలాసిస్ విడవదు. ఇదంతా పుస్తకంలో ఉంది. ఆ అదను నీ వేళ్లకి ఎప్పుడు తెలుస్తుందో మాత్రం పుస్తకంలో లేదు.

మేనకోడలు: మీ వేళ్లకి ఎవరు నేర్పారు?

మామయ్య: మా హెడ్ పాన్‌మన్. అద్దంముక్క మీద సిరప్ పూసి వెలుతురుకెదురు పెట్టి చూడమనేవాడు. ఏం చూడాలో చెప్పేవాడు కాదు. రెండు సీజన్లు పోయాక గానీ నా అంతట నాకు తెలియలేదు.

మేనకోడలు: ఆయన చెప్పలేకపోయాడా, చెప్పలేదా? రెండూ వేరు మామయ్యా. రెండో ప్రపంచయుద్ధం నాటి సంగతి ఒకటుంది. అమెరికా ఫ్యాక్టరీల్లో అనుభవం ఉన్నవాళ్లు యుద్ధానికి వెళ్లిపోయారు. కొత్తవాళ్లు, అందులో ఆడవాళ్లు చాలామంది, వచ్చి చేరారు. 1940లో మొదలైన ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ అనే ప్రభుత్వ కార్యక్రమంలో ఫోర్‌మన్‌లకి నేర్పే పద్ధతి నేర్పారు. నేర్చుకునేవాణ్ని ముందు కుదురుగా కూర్చోబెట్టు, చేసి చూపించు, వాడిచేత చేయించు, ఆ తర్వాత అప్పుడప్పుడూ వెళ్లి చూడు. నాలుగే మెట్లు. పనిని ముక్కలు చేసి, ఏ ముక్కలో కిటుకు ఎక్కడుందో పక్కన రాయాలి. యుద్ధమయ్యాక అది జపాన్ వెళ్లింది, టొయోటా వాళ్లు అందిపుచ్చుకున్నారు. వేళ్లకి మాత్రమే తెలుసనుకున్న సంగతుల్లో చాలా భాగం మాటల్లో చెప్పగలిగినవేనని అక్కడ తేలింది. మీ హెడ్ పాన్‌మన్ “తీగ ఇంత పొడుగు సాగి తెగాలి” అని ఒక్క మాట అని ఉంటే మీకొక సీజను కలిసొచ్చేది కాదా?

మామయ్య: నాకు కలిసొచ్చేది. ఆయనకి? సీజనల్ వర్కరు బతుకు నీకు తెలియదు. గానుగ ఆడేది ఏడాదిలో కొన్ని నెలలే. మిగతా కాలం రిటైనింగ్ అలవెన్సు, జీతంలో ఒక ముక్క. వచ్చే సీజనుకి మళ్లీ తననే పిలవాలంటే తన చేతిలో ఇంకొకరికి లేనిదేదో ఉండాలి. ఆయన దాచింది విద్య కాదు, వచ్చే ఏటి కూడు. నా దగ్గరా నలుగురు నేర్చుకున్నారు. అడిగింది చెప్పాను. ఏం అడగాలో తెలియనివాడికి చెప్పలేదు.

మేనకోడలు: అలా అడిగితేనే చెప్పుకుంటూ పోయిన విద్యలు ఎన్ని మిగిలాయి? నిజామాబాద్ వైపు కోనసముద్రం ఉంది. మూసల్లో ఉక్కు వండేవాళ్లు. కత్తులకి ఆ ఉక్కే కావాలని పర్షియా వర్తకులు వచ్చి ఊళ్లో మకాం పెట్టి కొనుక్కెళ్లేవారు. హెన్రీ వాయిసీ అనే దొర అక్కడి కొలుములు చూసి రాసుకున్నది 1832లో అచ్చయింది. ఆ శతాబ్దం దాటేసరికి వండేవాడు లేడు. ఇవాళ శాస్త్రవేత్తలు పాత మూసల పెంకులు ఏరుకుని, అందులో ఏం కలిపి ఉంటారా అని పరీక్షలు చేస్తున్నారు.

మామయ్య: దాచినందుకే పోయిందా అది? 1856లో ఇంగ్లండులో బెస్సెమర్ కొలిమి వచ్చింది, ఉక్కు చవకైంది. ఇక్కడ కత్తులు కొనే రాజులు పోయారు, బొగ్గు కాల్చుకునే అడవికి సర్కారు కంచె పడింది. కొనేవాడు లేని పని కొడుక్కి ఎవడు నేర్పుతాడు? నేర్పినా కొడుకు నిలబడతాడా? విద్య పోయేది దాచినందుకు కాదు, కూడు పెట్టనందుకు. నేర్చుకునేవాడికి రేపటి రోజుంటేనే ఏ పనైనా నిలుస్తుంది.

మేనకోడలు: సరే, కోనసముద్రం విషయంలో మీ మాటే నెగ్గింది. కానీ అదే మాట మీ మీదికీ వస్తుంది. దాచుకున్నా ఆ కొలిమి నిలవలేదు. దాచినంత మాత్రాన నా సీటు నిలుస్తుందా? మహా అయితే మూడు నెలలు ఆరు నెలలవుతాయి. అందులోనూ మధ్యలో నలిగేది కంపెనీ కాదు. ఒకటి చెప్తాను. నెలాఖరు రాత్రి చెల్లింపుల జాబ్ ఒక్కోసారి మధ్యలో ఆగిపోతుంది. ఆగితే రీస్టార్ట్ చేయమని రన్‌బుక్‌లో ఉంది. కానీ బ్యాంకుకి ఫైలు సగం వెళ్లాక ఆగిందో, వెళ్లకముందే ఆగిందో ముందు చూడాలి. మొత్తాలు సరిపోల్చుకోవాలి. చూడకుండా రీస్టార్ట్ చేస్తే కొందరికి రెండుసార్లు డబ్బు వెళ్తుంది, అది సరిచేసేదాకా మిగతా బిల్లులన్నీ ఆగుతాయి. ఆ బిల్లులు చిన్న చిన్న సరఫరాదారులవి. మీ లెక్కన నేను మిగుల్చుకోవాల్సిన చెట్టెక్కే విద్య ఇదే. ఇది చెప్పకుండా వెళ్తే నన్ను తీసేసినవాళ్లకేం కాదు. అర్ధరాత్రి ఆ పిల్ల ఏడుస్తుంది. ఎక్కడో నాకు ముఖం కూడా తెలియని దుకాణదారు నెల జీతాలివ్వలేకపోతాడు.

మామయ్య: ఆ బరువు నీ నెత్తిన ఎందుకు వేసుకుంటావు? నిన్ను పంపిస్తే ఏమవుతుందో చూసుకోవాల్సింది వాళ్లు.

మేనకోడలు: కరణాల సంగతి గుర్తుందా? మీరే చెప్పేవారు. ఏ సర్వే నంబరులో ఎవరి గట్టు ఎక్కడుందో కరణానికి తప్ప ఊళ్లో ఎవరికీ తెలిసేది కాదని. తండ్రి నుంచి కొడుక్కి, ఇల్లు దాటకుండా ఆ లెక్క నడిచింది. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఒక్క ఆర్డినెన్సుతో ఆ ఉద్యోగాలే తీసేసింది. ఎవరికీ అంతుబట్టకుండా దాచుకున్న విద్య వాళ్లని కాపాడలేదు. ఊరు ఎవరి చేతిలో చిక్కుకుని ఉందో వాళ్లు పోతుంటే ఊరు అడ్డుపడదు.

మామయ్య: తర్వాతేమైందో కూడా చెప్పాను, అది మర్చిపోయావు. కొత్తగా వచ్చిన ఉద్యోగికి అడంగలు చదవడం వచ్చుగానీ పొలంలోకి దిగితే గట్టు తెలిసేది కాదు. సరిహద్దు తగాదా వస్తే మా ఊళ్లో పాత కరణంగారి అరుగు దగ్గరికే నడిచేవాడు. ఉద్యోగం తీసేశారుగానీ విద్య తీసేయలేకపోయారు.

మేనకోడలు: ఆ నడకకి మూల్యం ఎవరిచ్చుకున్నారు? సర్కారా, రైతా?

మామయ్య: రైతే.

మేనకోడలు: నా మాటా అదే. దాచిన విద్య దెబ్బ మనం కొట్టాలనుకున్నవాడికి తగలదు. మధ్యలో ఉన్నవాడికి తగులుతుంది.

మామయ్య: నేర్పిన విద్య దెబ్బ ఎవరికి తగులుతుందో ఇప్పుడు నేను చెప్తాను, విను. అమెరికాలో డిస్నీ కంపెనీ 2014 చివర ఆర్లాండోలో సుమారు 250 మంది కంప్యూటర్ ఉద్యోగుల్ని పిలిచి మీ పనులు పోతున్నాయంది. పోయేలోగా మీ స్థానంలోకి వచ్చేవాళ్లకి నేర్పమంది. చివరిదాకా ఉంటేనే బోనస్. వాళ్లూ నీలాగే నేర్పారు. 2016 ఫిబ్రవరిలో సెనేట్ ఉపసంఘం ముందు అందులో ఒకాయన ఆ రోజులు చెప్పబోయి గొంతు పూడుకుపోయి ఆగిపోయాడు. కోర్టుకెళ్తే ఆ ఏడాదే కేసు కొట్టేశారు. అప్పుడు నేర్చుకోవడానికి కూర్చున్నవాళ్లెవరు?

మేనకోడలు: హెచ్‌వన్‌బీ వీసా మీద వెళ్లిన మన దేశం వాళ్లు. ఒప్పుకుంటాను. అలాంటి ప్రాజెక్టులకి ఆన్‌సైట్ వెళ్లేవాడింట్లో మనం స్వీట్లు తిన్నాం. అవతల కుర్చీలోంచి లేచినవాడి సంగతి మనలో ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఆ వంతు నాకొచ్చింది.

మామయ్య: వంతు అనకు. వంతంటే ఎవరో న్యాయంగా పంచినట్టుంటుంది. అదే పద్ధతి ఇంకో మెట్టు దిగి నీ దగ్గరికొచ్చింది, అంతే. ఎదురు తిరిగినచోట ఆగింది కూడా. 2020లో అమెరికా ప్రభుత్వ విద్యుత్ సంస్థ టెన్నెసీ వ్యాలీ అథారిటీ కంప్యూటర్ పనుల్లో కొన్ని బయటికివ్వబోతే ఉద్యోగులూ యూనియనూ గోల పెట్టారు. ఆగస్టులో అధ్యక్షుడు ట్రంప్ బోర్డు ఛైర్మన్‌నే తీసేశాడు. సంస్థ వెనక్కి తగ్గింది.

మేనకోడలు: ఆగింది సరే, ఎందుకాగింది? కిటుకులు దాచుకున్నందుకు కాదు. వీధిలోకొచ్చి అడిగినందుకు. మీ యూనియన్ మాటే చెప్పండి. సమ్మె చేయాలంటే నోటీసిచ్చి గేటు ముందు కూర్చునేవారా, రాత్రిపూట వాల్వు తిప్పేసి ఇంటికొచ్చేవారా?

మామయ్య: వాల్వు మీద చేయి వేసినవాణ్ని మేమే వెలేసేవాళ్లం.

మేనకోడలు: రన్‌బుక్‌లో కావాలని ఒక అడుగు రాయకుండా వదిలేయడం వాల్వు తిప్పడం కాదా? కాదనాలంటే బాహాటంగా కాదంటాను. ఒప్పుకున్నాక మాత్రం పూర్తిగా నేర్పుతాను. సగం నేర్పి పూర్తిగా నేర్పానని సంతకం పెట్టడం నా వల్ల కాదు.

మామయ్య: అలా దారికి రా. బాహాటంగా కాదంటావన్నావుగా, ఏమేం కాదన్నావు? వాళ్లు నిన్ను తీసేస్తున్నట్టు కాగితమిచ్చారా, రాజీనామా పెట్టమన్నారా?

మేనకోడలు: రాజీనామా పెడితే రికార్డు శుభ్రంగా ఉంటుందన్నారు హెచ్‌ఆర్ వాళ్లు.

మామయ్య: ఎవరి రికార్డు? 2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లో ఉంది. పని తగ్గించుకుని తీసేసిన వర్కరుకి పూర్తిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల వేతనం ఇవ్వాలి. కొత్త పని నేర్చుకోవడానికని ఇంకో 15 రోజుల వేతనం, తీసేసిన 45 రోజుల్లోగా ఖాతాలో పడాలి. మొదటిది పాత 1947 చట్టంలోనూ ఉండేది, దానికోసం మేం జెండాలు మోశాం. నువ్వు ఆ వర్కరు నిర్వచనంలోకి వస్తావా రావా అన్నది ఒక పేచీ. కానీ రాజీనామా మీద సంతకం పెట్టావంటే ఆ పేచీ పెట్టుకునే దారే మూసుకుపోతుంది. నీ అంతట నువ్వు వెళ్లినట్టు లెక్క.

మేనకోడలు: అది నాకు తట్టలేదు. రిలీవింగ్ లెటరు ఆపేస్తారేమో అన్న భయమే నన్ను పట్టుకుంది.

మామయ్య: భయం ఇద్దరికీ ఉండాలి. నీకు లెటరు కావాలి, వాళ్లకి సైన్‌ఆఫ్ కావాలి. ఇంకోటి. ఆ కోడ్‌లో పనిచేసిన ఏళ్లకి లెక్క ఉందిగానీ పోయేముందు నేర్పినదానికి పద్దు లేదు. 1961 అప్రెంటిస్ చట్టం నేర్చుకునేవాడికి స్టైపెండ్ ఇమ్మంది. నేర్పేవాడికి చట్టం ఏదీ ఇమ్మననప్పుడు నువ్వే అడిగి తీసుకోవాలి. పరిహారం ఎంత, కేటీకి అదనంగా ఎంత, అనుభవం లెటరులో ఏం రాస్తారు, అన్నీ కాగితం మీద పడ్డాకే మొదటి సెషను.

మేనకోడలు: మొదటి సెషను సోమవారమే మామయ్యా. కాగితం అడుగుతాను, మీరు చెప్పినవన్నీ అడుగుతాను. రాజీనామా పెట్టను. కాగితం వచ్చేదాకా సైన్‌ఆఫ్ మీద సంతకం పెట్టను. కానీ ఆ పిల్లని ఖాళీగా కూర్చోబెట్టను. నా తగవు మేనేజరుతో. దాన్ని ఆ పిల్ల డెస్కు మీద తేల్చుకోను.

మామయ్య: ఆ పిల్ల నేర్చుకున్నదంతా కంపెనీకే చేరుతుంది కదమ్మా! ఇద్దర్నీ విడదీసి ఎలా చూస్తావు? ఆ రికార్డింగులు ఎక్కడికి పోతాయనుకున్నావు? ఇవాళ ఆ పిల్ల చూస్తుంది. రేపు అవే ఏ ఏఐకో పెడతారు. అప్పుడా పిల్లా వీధిలోనే.

మేనకోడలు: పెట్టొచ్చు. అందుకే ఏ బటన్ నొక్కాలో మాత్రమే చెప్పి ఊరుకోను. ఎందుకు నొక్కాలో చెప్తాను. డబ్బు ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లేటప్పుడు ఎక్కడ రెండుసార్లు లెక్క పడుతుందో ఒకసారి తెలిసినవాళ్లకి ఏ కంపెనీలోనైనా ఆ కన్ను పనికొస్తుంది. బటన్ కంపెనీది. ఎందుకు అన్నది ఆ పిల్లతోనే వెళ్తుంది. నాకు కేటీ ఇచ్చినాయన ఆ ఎందుకు చెప్పాడు కాబట్టే నేనిప్పుడు రెజ్యూమె ధైర్యంగా పట్టుకుని తిరగగలను. మీ దగ్గర నేర్చుకున్న నలుగురు ఏమయ్యారు?

మామయ్య: ఇద్దరు వేరే ఫ్యాక్టరీల్లో హెడ్ పాన్‌మన్‌లయ్యారు. మా ఫ్యాక్టరీలో పని తగ్గాక వాళ్లనే పిలిచి తీసుకెళ్లారు.

మేనకోడలు: వాళ్లు తీసుకెళ్లింది మీ ఫ్యాక్టరీ విద్యా, మీ విద్యా?

మామయ్య: నాది. ఆ మాట కాదనను. కానీ ఇంకొకటీ చూడు. వాళ్లిద్దరూ ఏం అడగాలో తెలిసి అడిగారు. మిగతా ఇద్దరికీ అడగడం తెలియలేదు, సెంట్రిఫ్యూగల్ దగ్గర హెల్పర్లుగానే ఆగిపోయారు. దాన్ని నేను తప్పనుకోను. నా కూడు నేను చూసుకున్నాను. నువ్వు మాత్రం తప్పంటావు.

మేనకోడలు: అంటాను. రిటైనింగ్ అలవెన్సు మీద బతికించినవాడి మీద మీ కోపం న్యాయమే. అది ఆ ఇద్దరి మీద పడింది.

మామయ్య: నేను ఇప్పటికీ పిల్లి పక్షమే. నువ్వు అన్నీ నేర్పేసి చేతులు దులుపుకుంటున్నావు. వెళ్లిపోయాక నెలాఖరు రాత్రి జాబ్ ఆగితే నీకే ఫోన్ చేస్తారు చూడు. అప్పుడేం చేస్తావు?

మేనకోడలు: మొదటి రెండు నెలలు ఆ పిల్ల చేస్తే ఎత్తుతాను. తను నా దగ్గర నేర్చుకుంది కాబట్టి.

మామయ్య: మేనేజరు చేస్తే?

మేనకోడలు: గంటకింత అని రేటు చెప్తాను. ఆ రేటు ఎంత పెట్టాలో మీరే చెప్పండి.